కడపలో పాత డీజిల్ పికప్ వ్యాక్యూమ్ పైపుల పనికి ఈ షెడ్డుకి వెళ్ళండి

కడపలో రాయచోటి రోడ్డు వైపు, బోర్డు కూడా సరిగా లేని ఒక చిన్న మెకానిక్ షెడ్డు గురించి ఈ రివ్యూ. బ్రేక్ గట్టిపడిందని చెప్తే చాలాచోట్ల బానెట్ ఎత్తకముందే బూస్టర్ (మన కాలి బలాన్ని పెంచి బ్రేక్‌కి అందించే డబ్బా) మార్చాలి, వ్యాక్యూమ్ పంపు మార్చాలి అంటారు. ఇక్కడ భాయ్ ముందు గేజ్ పెట్టి కొలిచారు, ఆ తర్వాతే స్పానర్ పట్టుకున్నారు. ఐదుకి నాలుగున్నర ఇస్తున్నా, ఆ అర ఎందుకు తగ్గించానో కూడా చెప్తా.

మాది బాగా పాతబడిన డీజిల్ పికప్, సీజన్‌లో టమాటా, మామిడి లోడు వేసుకుని కడపకి వస్తుంటాం. హెడ్ గాస్కెట్ పనికి వేరే గ్యారేజీలో ఇంజిన్ విప్పించి తెచ్చుకున్నప్పటి నుంచి బ్రేక్ తొక్కితే బండరాయి తొక్కినట్టు ఉండేది. బ్రేక్ పడదని కాదు, పడుతుంది, కానీ కాలి బలమంతా పెట్టాలి. గువ్వలచెరువు పాలకోవా అంగళ్ళు దాటి లోడుతో ఘాట్ దిగేటప్పుడు ఇలా ఉంటే ఎంత టెన్షనో ఆ రోడ్డు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ గ్యారేజీవాళ్ళనే అడిగితే బూస్టర్ పోయింది, ఆల్టర్నేటర్‌తో పాటు పంపు కూడా మార్చేయండి అని పదివేలు దాటే లెక్క చెప్పారు.

బూస్టర్ పనిచేసేది వ్యాక్యూమ్‌తో, అంటే గాలి లాగేసిన ఖాళీతో. పెట్రోల్ ఇంజిన్‌లో గాలి లాక్కునే మానిఫోల్డ్‌లోనే అది పుడుతుంది. డీజిల్‌లో అలా సరిపడా పుట్టదు కాబట్టి దానికోసమే విడిగా పంపు పెడతారు, మన దగ్గర తిరిగే చాలా పాత పికప్‌లలో అది ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. అక్కడి నుంచి లావు పైపు బ్రేక్ బూస్టర్‌కి పోతుంది, టీ జాయింట్ దగ్గర విడిపోయే సన్న పైపు ఈజీఆర్ (పొగలో కొంత మళ్ళీ ఇంజిన్‌లోకి పంపే వాల్వ్) సాలనాయిడ్‌కి, అంటే దాన్ని నడిపే కరెంటు స్విచ్చు లాంటి వాల్వ్‌కి పోతుంది. అంటే సన్న పైపులో గాలి దూరినా దెబ్బ బ్రేక్ మీద పడుతుంది.

భాయ్ చేసిన పద్ధతి నాకు బాగా నచ్చింది. అన్ని పైపులూ ఊడదీసి గేజ్‌ని నేరుగా పంపుకే తగిలించి ఇంజిన్ స్టార్ట్ చేయమన్నారు. ముల్లు కొద్ది సెకన్లలోనే 650 మిల్లీమీటర్లు (పాదరసం కొలతలో) దాటింది. "పంపు బంగారంలా ఉందన్నా, దీన్ని ముట్టుకోవద్దు" అన్నారు. తర్వాత బూస్టర్ పైపు కలిపారు, ముల్లు కదల్లేదు. సన్న పైపు కలపగానే సగానికి పడిపోయింది. ఆ పైపు తీసి టీ మూతికి చిన్న బోల్టు బిగిస్తే మళ్ళీ పైకెక్కింది. ఇంక వెతకాల్సింది ఆ ఒక్క దారిలోనే కదా.

వెతికితే రెండు తప్పులు దొరికాయి. సాలనాయిడ్‌కి పంపు నుంచి వచ్చే పైపు, ఈజీఆర్‌కి పోయే పైపు తారుమారయ్యాయి. కరెంటు లేనప్పుడు సాలనాయిడ్ ఈజీఆర్ వైపు మూతిని బయటి గాలికి తెరిచి ఉంచుతుంది. పంపు పైపు ఆ మూతికి తగిలిస్తే పంపు లాగేది బయటి గాలినే, బ్రేక్‌కి మిగిలేదేముంది? రెండోది, టీ జాయింట్ దగ్గర సన్న పైపు కిందివైపు రబ్బరు ఎండకి, ఇంజిన్ వేడికి గట్టిపడి చిట్లింది. పైనుంచి చూస్తే ఏమీ కనపడదు, ఆయన పైపుని వేలిమీద మడిచి చూపిస్తే వెంట్రుకంత సందు తెరుచుకుంది.

కొత్త పైపులు కూడా ఏదో ఒకటి వేయలేదు. మామూలు నీళ్ళ పైపు వేస్తే వ్యాక్యూమ్‌కి లోపలికి అణిగిపోతుందని, గోడ మందంగా ఉండి లోపల దారం అల్లిక ఉన్నదే తెప్పించారు. బూస్టర్ దగ్గరుండే వన్‌వే వాల్వ్‌ని నోటితో ఊది, ఒకవైపే గాలి పోతోందని నాకూ చూపించారు. విప్పే ముందే ప్రతి పైపుకీ టేపు చుట్టి నంబరు రాసుకున్నారు. మొదటి గ్యారేజీలో ఈ ఒక్క పని చేసి ఉంటే మాకు ఇంత తిప్పలు ఉండేది కాదు.

చివర్లో ఆయన చూపించిన పరీక్ష మీరూ ఇంటి దగ్గర చేసుకోవచ్చు. ఇంజిన్ ఆపి, పెడల్ గట్టిపడేదాకా తొక్కండి, అలాగే నొక్కిపట్టి స్టార్ట్ చేయండి. పెడల్ కాలి కింద కొంచెం దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్టే. కాసేపు నడిపి ఇంజిన్ ఆపి, కొన్ని నిమిషాలాగి తొక్కినప్పుడు మొదటి తొక్కుడే గట్టిగా ఉంటే ఎక్కడో గాలి దూరుతోందని అర్థం, ఘాట్ ఎక్కే ముందే చూపించుకోండి.

పైపులు, క్లిప్పులు, టీ జాయింట్, కూలీ అన్నీ కలిపి 1,400 తీసుకున్నారు. ఆ తర్వాత మామిడి లోడుతోనే ఘాట్ దిగాం, పెడల్ మెత్తగా, నమ్మకంగా ఉంది.

ఇక తగ్గించిన అర మార్కు సంగతి. బిల్లు ఇవ్వరు, అడిగితే చిన్న చీటీ మీద రాసిస్తారు. ఒక్కరే చేస్తారు కాబట్టి పని నెమ్మది, సగం రోజు పోతుందని అనుకునే వెళ్ళండి. షెడ్డు ముందు జాగా తక్కువ, లోడు దించేసి ఖాళీ బండితో రండి. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 (కొత్త పొగ నిబంధనల) బండ్లకు స్కానర్ కావాలి, ఈయన దగ్గర లేదు, ఆ మాట ఆయనే ముందుగా చెప్పి పంపించేస్తారు. పొద్దున్నే వెళ్తే రద్దీ తక్కువ, శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి మూసేస్తారు.