బండిని ఎత్తడమా, చక్రాన్ని దింపడమా: ఏది మేలు?

శ్రీకాకుళం జిల్లాలో మందస దాటి మహేంద్రగిరి వైపు కొండవాలులో ఉన్న మా జీడితోటకు వెళ్లే దారి వానాకాలంలో దారిలా ఉండదు. కొండ మీది నుంచి దిగిన నీరు ఆ మట్టిబాటను ఏటవాలుగా కోసుకుంటూ పోవడం వల్ల, ముందు ఎడమ చక్రం ఒక గండిలోకి దిగే సమయానికే వెనుక కుడి చక్రం మరో గండి మీదికి వస్తుంది. బండి బరువంతా మిగిలిన రెండు చక్రాల మీద పడుతుంది, గాలిలో వేలాడుతున్న రెండూ ఊరికే తిరుగుతాయి, బండి మాత్రం అడుగు కదలదు. ఇక్కడి మహీంద్రా థార్, మారుతి జిమ్నీ యజమానులు ఎక్కడ కలిసినా దీనికి లిఫ్ట్ వేయించడమే, అంటే బండిని ఎత్తు చేయించడమే మందు అన్నట్టు మాట్లాడుకోవడం వింటూనే ఉన్నాను. అయితే లిఫ్ట్ అనే ఆ ఒక్క మాట కింద మూడు వేర్వేరు పనులు జరుగుతున్నాయి. వాటి ఖర్చూ వేరు, ఫలితమూ వేరు, అవి తెచ్చిపెట్టే తలనొప్పులూ వేరు.

ముందుగా ఒక తేడాను స్పష్టం చేసుకోవాలి. చదునైన నేల మీద నిలబడి ఉన్న బండి చక్రం, గుంట వచ్చినప్పుడు ఎంత కిందికి వేలాడగలదో, రాయి ఎక్కినప్పుడు ఎంత పైకి ముడుచుకోగలదో, ఆ రెండు దూరాల మొత్తాన్ని సస్పెన్షన్ ట్రావెల్ అంటారు. బండి ఎత్తు పెరిగినంత మాత్రాన ఈ ట్రావెల్ పెరగదు. కొన్ని పద్ధతులలో తగ్గుతుంది కూడా. పలాసలో నా బండి చూసే మెకానిక్ ఈ విషయాన్ని ఒక్క మాటలో తేల్చేశాడు: "ఎత్తీడానికేటుంది బాబూ, ఇటిక ముక్క ఎట్టినా ఎత్తవుతాది. సక్రం దిగాల గదేటి!" ఈ మాట నాకు ముందే వినిపించి ఉంటే కొంత డబ్బు మిగిలేది.

అన్నిటికంటే చవకైనది స్పేసర్ లిఫ్ట్. 2020లో వచ్చిన కొత్త థార్‌కు ముందు వైపు డబుల్ విష్‌బోన్ అమరిక, అంటే ఒక్కో చక్రాన్ని పైనొకటి కిందొకటిగా రెండు ఆర్మ్‌లు (ఇనుప చేతులు) పట్టి ఉంచే ఏర్పాటు ఉంటుంది. స్ప్రింగ్ మధ్యలో దాని ఊపును అణచే షాక్ అబ్జార్బర్ (షాక్) కూర్చుని ఉంటుంది. ఆ జంట పైభాగాన ఒక అల్యూమినియం బిళ్ల బిగిస్తే బండి ముందు భాగం లేస్తుంది. స్ప్రింగ్ అడుగు భాగం కింది ఆర్మ్ మీద చక్రానికి కొంత లోపలగా ఆనుతుంది కాబట్టి, అంగుళం మందం బిళ్లకు చక్రం దగ్గర అంతకంటే బాగా ఎక్కువ ఎత్తు కనబడుతుంది. చూసేవారికి ఇది లాభసాటి బేరంలా తోస్తుంది. కానీ షాక్ లోపలి రాడ్ పొడవు మారలేదు కనుక మొత్తం ట్రావెల్ ఒక్క సెంటీమీటరు కూడా పెరగలేదు. ఉన్న ట్రావెల్ అంతా కిందికి జరిగింది, అంతే. దాని వల్ల చక్రం పూర్తిగా వేలాడినప్పుడు చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ చివర వంగుతూ తిరిగే సీవీ జాయింట్, పై ఆర్మ్ కొసన గుండు కీలులా ఉండే బాల్ జాయింట్ తమకు నిర్ణయించిన వంపును దాటే ప్రమాదం ఉంది. చక్రం పూర్తిగా ముడుచుకున్నప్పుడేమో, రబ్బరు బంప్ స్టాప్ దెబ్బ కాయడానికి ముందే షాక్ అడుగు తగులుతుంది.

నా థార్‌కు నేను మొదట వేయించుకున్నది ఇదే. ఒక వానాకాలం గడిచాక చక్రం విప్పి కడుగుతుంటే, రిమ్ము లోపలి వైపంతా నల్లటి గ్రీజు చిమ్మినట్టు అంటుకుని ఉంది. వేలు పెట్టి చూస్తే జాయింట్‌ను కప్పి ఉంచే రబ్బరు తిత్తి, హార్మోనియం తిత్తిలా ఉండేది, సరిగ్గా రెండు మడతల మధ్య చీలిపోయి ఉంది. చీలికలోంచి తీసిన గ్రీజును వేళ్ల మధ్య నలిపితే ఇసుక కరకరలాడింది. అప్పటికే స్టీరింగ్ పూర్తిగా తిప్పి మలుపు తీసినప్పుడల్లా టిక్కు టిక్కుమనే చప్పుడు వస్తూ ఉన్నా, ఏ గులకరాయో ఇరుక్కుందని నేను సరిపెట్టుకున్నాను. బిళ్లల మీద ఆదా అయినదంతా ఆ షాఫ్ట్ మార్పించడానికే సరిపోయింది.

జిమ్నీ కథ ఇందుకు భిన్నం. దాని ముందూ వెనుకా రిజిడ్ ఆక్సిళ్లే, అంటే రెండు పక్కల చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసులే; స్ప్రింగ్ ఒకచోట, షాక్ మరోచోట ఉంటాయి. స్ప్రింగ్ దగ్గర 40 మిల్లీమీటర్ల స్పేసర్ పెట్టి షాక్‌లను పాతవే ఉంచితే, బండి లేచిన మేరకు షాక్ ముందే సాగిపోయి ఉంటుంది. అంటే చక్రం కిందికి వేలాడే దూరంలో దాదాపు అదే 40 మిల్లీమీటర్లు పోతాయి. నిన్నటి వరకు నేల తాకిన చక్రం అదే గండిలో ఈ రోజు గాలిలో ఆగిపోతుంది. ఇందుకోసం డబ్బు ఖర్చు పెట్టడం నా దృష్టిలో బొత్తిగా తెలివైన పని కాదు.

రిజిడ్ ఆక్సిల్ బండ్ల విషయంలో మరో అపోహ ఉంది. లిఫ్ట్ వల్ల ఛాసీ, దాని కింది పొట్ట భాగం లేస్తాయే తప్ప ఆక్సిల్ మధ్యలో ఉబ్బెత్తుగా ఉండి రెండు చక్రాలకూ శక్తిని పంచే డిఫరెన్షియల్ ఉన్నచోటే ఉంటుంది. అది లేవాలంటే టైరు పెద్దది కావాలి. జిమ్నీతో వచ్చే 195/80 ఆర్15 టైరు వ్యాసం లెక్క ప్రకారం 693 మిల్లీమీటర్లు. దాని బదులు 215/75 ఆర్15 వేస్తే సుమారు 703 అవుతుంది, అంటే డిఫరెన్షియల్ కింద దక్కేది 5 మిల్లీమీటర్లే. కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్ జిమ్నీకి 210, థార్‌కు 226 మిల్లీమీటర్లు. మా తోటదారిలో నా థార్ ఆగిపోయిన ఏ ఒక్కసారీ పొట్ట తగిలి ఆగలేదు, చక్రం నేలను అందుకోలేక ఆగింది.

ఇక రెండవ పద్ధతి, స్ప్రింగులనూ షాక్‌లనూ జతగా మార్చడం. ఆస్ట్రేలియాకు చెందిన ఓల్డ్ మ్యాన్ ఈము వంటి తయారీదారులు అమ్మే కిట్లు ఈ కోవలోవే. రెండంగుళాల లోపు ఎత్తు పెంచే స్ప్రింగ్, ఆ ఎత్తుకు తగినట్టు పొడవు పెరిగిన షాక్ కలిసి వస్తాయి కనుక, బండి లేచినా చక్రం వేలాడే దూరం పోకుండా నిలుస్తుంది, కొంత పెరుగుతుంది కూడా. స్ప్రింగును ఎంచుకునేటప్పుడు బండి ఎప్పుడూ మోసే బరువును నిజాయితీగా లెక్కగట్టాలి. ఇనుప బంపరు, వించ్ (తాడుతో లాగే యంత్రం) ఉన్న బండికి సరిపోయే గట్టి స్ప్రింగును ఖాళీ బండికి వేయిస్తే అది ఎడ్లబండిలా ఎగిరిపడుతుంది. గట్టి స్ప్రింగ్ త్వరగా ముడుచుకోదు కాబట్టి ఉన్న ట్రావెల్ కూడా వాడకంలోకి రాదు. నలభై జీడిపిక్కల బస్తాలు మోయించే కోరిక ఉంటే ట్రాక్టర్ ఉంది, థార్‌ను వదిలేయండి.

ఈ పద్ధతికి కొన్ని తోడు పనులు తప్పవు, అమ్మేవారు వాటిని చివరలో చెబుతారు. జిమ్నీని లేపితే ముందు ఆక్సిల్ కొద్దిగా తిరిగి కాస్టర్ కోణం (చక్రం మలుపు తిరిగే కీలు వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గుతుంది, మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావడానికి బద్ధకిస్తుంది. కాబట్టి కాస్టర్ సరిచేసే బుష్‌లు (కీళ్లలో కూర్చునే రబ్బరు తొడుగులు) కావాలి. ఆక్సిల్‌ను అడ్డంగా పట్టి ఉంచే పాన్‌హార్డ్ రాడ్ పొడవు మారదు కనుక ఆక్సిల్ ఒక పక్కకు జరుగుతుంది. పొడవు సర్దుకోగల రాడ్ దానిని మళ్లీ మధ్యకు తెస్తుంది. బ్రేక్ గొట్టాలు చక్రం పూర్తిగా వేలాడినప్పుడు బిగుసుకోకుండా ఉన్నాయో లేదో చూడాలి. కొన్ని పాత బండ్లలో వెనుక బరువును బట్టి బ్రేక్ ఒత్తిడిని మార్చే వాల్వ్ ఉంటుంది. బండిని లేపితే అది వెనుక బరువే లేదని భ్రమించి వెనుక బ్రేకులను బలహీనపరుస్తుంది. జాతీయ రహదారి 16 మీద లారీల మధ్య పోయేవారు దీనిని తేలికగా తీసుకోకూడదు.

కమాన్ కట్టల మీద నడిచే పాత జీపులు మన పల్లెలలో ఇంకా ఉన్నాయి. వాటికి పొడవాటి షాకిల్ (కట్ట కొసను ఛాసీకి తగిలించే ఊగే ముక్క) వేస్తే, షాకిల్ పొడవు పెరిగిన దానిలో సగమే ఎత్తుగా దక్కుతుంది. కమాన్ కట్టను ఆక్సిల్ కింది నుంచి పైకి మార్చితే ఎత్తు అమాంతం పెరుగుతుంది కానీ, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఆక్సిల్ మెలితిరిగి కట్ట ఎస్ ఆకారంలో వంగుతుంది. లారీల ఊరుగా పేరున్న సాలూరులో కమాన్ పట్టీల పని క్షుణ్ణంగా తెలిసినవారు ఉన్నారు. పలచటి పట్టీలు ఎక్కువ వేసి కట్టను మెత్తబరచడం అటువంటి చేతుల్లో పెడితే, ఖరీదైన కిట్ అవసరం చాలామందికి రాదు.

మూడవది అసలు లాంగ్ ట్రావెల్ కిట్. దీని పుట్టిల్లు మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ఎడారి. అక్కడ 1967 నుంచి జరుగుతున్న బాహా 1000 పందెంలో పెద్ద తరగతి ట్రక్కుల ముందు చక్రాలకు రెండడుగుల వరకు ట్రావెల్ ఉంటుంది. ఆ ఆలోచనను మామూలు బండ్లకు దించినప్పుడు కింది, పై ఆర్మ్‌లను బయటికి పొడిగిస్తారు. టొయోటా టకోమా వంటి ట్రక్కులకు ఒక్కో పక్క రెండంగుళాలు, మూడున్నర అంగుళాలు వెడల్పు పెంచే కిట్లు దొరుకుతాయి. ఆర్మ్ పొడవు పెరిగినందువల్ల అదే వంపులో చక్రం మరింత దూరం పైకీ కిందికీ పోగలుగుతుంది. దానికి తగ్గట్టు డ్రైవ్ షాఫ్ట్, స్టీరింగ్ కదలికను చక్రానికి చేర్చే టై రాడ్, బ్రేక్ గొట్టం అన్నీ పొడవు కావాలి. చక్రం హద్దు దాటి వేలాడకుండా పట్టీలు, పైకి కొట్టుకోకుండా హైడ్రాలిక్ బంప్ స్టాపులు కావాలి. షాక్ పక్కన వేరుగా కనబడే సిలిండరు అలంకారం కాదు. గతుకుల మీద వేగంగా పోతున్నప్పుడు షాక్ లోపలి నూనె కాగి, నురగెత్తి, పట్టు కోల్పోతుంది. ఎక్కువ నూనెకు చోటిచ్చి, నైట్రోజన్ ఒత్తిడితో నురగను అణచడం దాని పని.

ఇంత ఏర్పాటూ వేగం కోసం. రాజస్థాన్ ఇసుకలో ర్యాలీ నడిపేవారికి ఇందులో ప్రతి రూపాయికీ అర్థం ఉంది. మన దగ్గర మాత్రం గంటకు పది కిలోమీటర్లు దాటని దారుల్లోనే బండి కష్టపడుతుంది. అక్కడ నూనె కాగదు. పైగా ఉద్దానం తోటల మధ్య కొబ్బరి చెట్ల వరసల్లోంచి, కాలువల మీది సన్నటి కల్వర్టుల మీదుగా పోయే బండికి రెండు పక్కలా కలిపి నాలుగు నుంచి ఏడంగుళాల వెడల్పు పెరగడం వరమేమీ కాదు. మడ్‌గార్డు దాటి బయటికి వచ్చిన టైరు బురదనంతా అద్దాల మీదికీ, పక్కన నడిచేవారి మీదికీ చిమ్ముతుంది. చక్రపు బేరింగుల మీద భారం పెరుగుతుంది. ప్రత్యేకంగా చేయించిన డ్రైవ్ షాఫ్ట్ సోంపేట దగ్గర విరిగితే శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ అంగడికి వెళ్లి తెచ్చుకునేది కాదు. అది వచ్చేదాకా బండి చెట్టు కింద ఉంటుంది. ఖర్చు సంగతికి వస్తే మొదటి పద్ధతి వేలల్లో తెమిలిపోతుంది, రెండవది మంచి సరుకైతే లక్ష దాటవచ్చు, మూడవది లక్షల మాట.

చట్టాన్నీ పక్కన పెట్టలేము. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్నవాటికి భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చరాదు; 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే ధృవీకరించింది. అదే ఏడాది సవరణతో చేరిన 182ఏ సెక్షన్, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల వరకు జైలు గానీ రెండూ గానీ విధించవచ్చునని చెబుతుంది. వెడల్పు పెంచి, ఆర్మ్‌లు మార్చిన బండి దూరం నుంచే కనబడుతుంది. ఏ మార్పుకైనా ముందే రవాణా కార్యాలయంలోనూ బీమా సంస్థ దగ్గరా అడిగి, సమాధానాన్ని కాగితం మీద తీసుకోవడం మంచిది.

నా తీర్పు ఇది. గండ్లలో చక్రాలు వేలాడడమే మీ బాధ అయితే, లిఫ్ట్ కంటే ముందు డిఫరెన్షియల్ లాక్ గురించి ఆలోచించండి. గాలిలో తిరిగే చక్రానికి పోయే శక్తిని అది నేల మీద ఉన్న చక్రానికి మళ్లిస్తుంది. ఫోర్స్ కంపెనీ గూర్ఖా బండికి ముందూ వెనుకా చేత్తో వేసే లాకులు కంపెనీ నుంచే వస్తాయి. థార్ కొన్ని రకాలలో వెనుక మెకానికల్ లాక్ ఉంటుంది. జిమ్నీ బ్రేకుల సాయంతో అటువంటి పనే చేస్తుంది కానీ అంత గట్టిగా కాదు. టెక్కలి గ్రానైట్ క్వారీల దారిలో తిరిగేవారికి రాతి అంచులు కోయలేని గట్టి పక్కగోడలున్న టైర్లు మొదటి అవసరం. ఉద్దానం ఇసుక దారుల్లో టైర్లలో గాలి తగ్గించడమే సగం వైద్యం, దానికి ఖర్చు లేదు. తిరిగి నింపుకోవడానికి చిన్న కంప్రెసర్ ఉంటే చాలు. బారువ, కళింగపట్నం తీరాల ఇసుకలో మాత్రం అసలు దిగకండి, జనవరి నుంచి అక్కడ ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఇవన్నీ అయ్యాక కూడా తోటదారి లొంగకపోతే, అప్పుడు రెండవ పద్ధతికి వెళ్లవచ్చు, అదీ రెండంగుళాలు దాటకుండా. స్పేసర్ వద్దు. లాంగ్ ట్రావెల్ కిట్ పందెం తోలేవారికి వదిలేయడం మేలు.

నేను బిళ్లలు తీయించి, స్ప్రింగులూ షాక్‌లూ జతగా వేయించుకున్నాను. పని జరిగేటప్పుడు దగ్గర ఉండి చూడవలసింది ఒకటి ఉంది. బండి జాకీల మీద, చక్రాలు వేలాడుతూ ఉండగానే ఆర్మ్‌ల బుష్ బోల్టులను పూర్తిగా బిగించేస్తే, బండి నేలకు దిగగానే లోపలి రబ్బరు మెలితిరిగి, ఆ మెలికలోనే పనిచేస్తూ త్వరగా చిరిగిపోతుంది. మా మెకానిక్ బోల్టులను వదులుగా ఉంచి బండిని కిందికి దింపాడు, బంపరు మీద నలుగురిని కూర్చోబెట్టి రెండుమూడుసార్లు ఊపించాడు, వాళ్లు దిగాక బండి తన ఎత్తులో కుదురుకోనిచ్చి, కింద పడుకుని ఒక్కో బోల్టూ బిగించాడు. అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల దిశ మర్నాడు చూసుకున్నాం. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మళ్లీ రమ్మన్నాడు. వెళ్లినప్పుడు రెండు బోల్టులు పావు చుట్టు తిరిగాయి.