'నేను' చెప్పే మడత: కొంగా, ఘనమా?

గుంటూరు బడిలో 'నేనెవరు' అని ఒరిగామి (కాగితం మడిచి బొమ్మలు చేసే కళ) ప్రాజెక్టు ఇస్తే ఏది చేయాలి?

ఖర్చు: కొంగకు చదరపు కాగితం ఒకటి చాలు. సోనోబే ఘనానికి, అంటే ఒకేలా మడిచిన ముక్కలను ఒకదానిలో ఒకటి దూర్చి చేసేదానికి, ఆరు, జిగురు అక్కర్లేదు.

శ్రమ: కొంగ మెడ, తోక సన్నగా తీసేచోటే చేతులు తడబడతాయి. ఘనానికి ఒకే మడత ఆరుసార్లు. చివరి ముక్క దూర్చడానికే ఓపిక కావాలి.

రిస్క్: కొంగ మూల చిరిగితే మళ్లీ మొదటికే. ఘనంలో పాడైన ముక్క మారిస్తే సరి.

'నేను' కనిపించేది: నా ఓటు ఘనానికే. మిర్చి ఎరుపు కాగితం, నాన్న కొట్టు బిల్లు, అమ్మమ్మ దాచిన పంచాంగం పేజీ, అన్నీ బయటికే కనిపిస్తాయి. కొంగలో రాసినది మడతల్లో దాగిపోతుంది.

మనసులో మాట అందరికీ చూపడం ఇష్టంలేని పిల్లలకు మాత్రం కొంగే మేలు. ఇల్లూ ఊరూ చూపించాలంటే ఘనం చేయండి.