వెనక బ్రేకులు ఇంట్లోనే మార్చుకుని మూడున్నరేళ్లు: ఏవి నిలిచాయి, ఏవి చెడ్డాయి

మాది 2013 హోండా అకార్డ్. మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కన నోవైలో ఉంటాం. 2021 అక్టోబరులో వెనక రెండు చక్రాలకీ ప్యాడ్లు, రోటర్లు మా గ్యారేజీలో నేనే మార్చాను. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం రోటర్, దాన్ని రెండువైపులా నొక్కి ఆపేవి ప్యాడ్లు. అప్పటికి కారు 96 వేల మైళ్లు తిరిగింది, ఇప్పుడు 1,38,000 దాటింది. కొత్త బ్రేకులు వేసుకున్న వారానికే అదిరిపోయిందంటూ రాసేవాళ్లు బోలెడుమంది. కానీ కొత్త బ్రేకు ఏదైనా వారం రోజులు బాగానే పడుతుంది, దాని అసలు రంగు బయటపడాలంటే ఇక్కడ కనీసం రెండు చలికాలాలు గడవాలి. నాకు నాలుగు గడిచాయి, మధ్యలో నా తెలివితక్కువతనంతో ఒక దెబ్బ కూడా తిన్నాను కాబట్టి ఇప్పుడు రాస్తే న్యాయంగా ఉంటుందనిపించింది.

ముందు ఊరి సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ బ్రేకుల్ని అరుగుదల కంటే తుప్పే ఎక్కువగా తినేస్తుంది. డెట్రాయిట్ నగరం కింద భూమిలో పెద్ద ఉప్పు గని ఉంది, అక్కడ తవ్విన ఉప్పు మంచు కరగడానికి రోడ్ల మీదికి వస్తుంది. నవంబరు నుంచి మార్చి దాకా కారు అడుగుభాగం ఊరగాయ జాడీలో పెట్టినట్టే. హైదరాబాదులోనో విజయవాడలోనో ఇదే పని చేస్తే నేను పడ్డ తిప్పల్లో సగం ఉండవు.

వెనక చక్రం వైపు నుంచి కీచుమని సన్నగా శబ్దం మొదలైంది, బ్రేకు తొక్కకపోయినా వచ్చేది. ప్యాడ్ బాగా అరిగాక రోటర్‌కి తగిలి అరిచేలా దానికి ఒక చిన్న ఇనుప రేకు పెడతారు, ఆ అరుపే అది. ముందు బ్రేకుల మీదే భారం ఎక్కువ కదా, మరి వెనకవి ముందుగా ఎలా పోయాయి అని నాకూ అనుమానం వచ్చింది. వెనక ప్యాడ్లు అసలే చిన్నవి, దానికి తోడు ప్యాడ్లని రోటర్ మీద నొక్కే క్యాలిపర్ జారాల్సిన చోట తుప్పు పట్టి సరిగ్గా జారక, బ్రేకు వదిలినా ప్యాడ్ రోటర్‌ని పూర్తిగా వదలడం లేదు. ఇది విప్పాకే తెలిసింది.

షాపువాళ్లు 480 డాలర్లు అన్నారు. వీడియో కాల్‌లో నాన్నకి ఆ చక్రం చూపిస్తూ ఈ మాట చెప్తే, "ఏరా, అంత జీతం తెచ్చుకుంటూ మెకానిక్‌కి నాలుగు డబ్బులు ఇవ్వలేవా" అన్నారు. నాలుగు డబ్బులు కాదు నాన్నా, ముప్పై ఆరు వేలు అన్నాను. కాసేపు మాట లేదు. తర్వాత, "సరే, జాకీతో పాటు కింద రెండు ఇటుకలు కూడా పెట్టుకో" అన్నారు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు మాత్రం వద్దండీ, బరువు మీద పడితే అవి చెప్పాపెట్టకుండా పగులుతాయి. జాక్ స్టాండ్ల మీద, అంటే లేపిన కారుని మోసే ఇనుప కాళ్ల మీద నిలబెట్టకుండా కారు కింద చెయ్యి కూడా పెట్టకండి. వెనక భాగం లేపుతాం కాబట్టి ముందు చక్రాలకి అడ్డుకట్టలు పెట్టాలి, హ్యాండ్ బ్రేకు దించాలి, లేకపోతే క్యాలిపర్ ఊడి రాదు.

సామాను 130 డాలర్లయింది, పనిముట్లకి ఇంకో 60. రెండు చక్రాలకీ కలిపి ఒక శనివారం మొత్తం పట్టింది. రెండు గంటల పని అని వీడియోల్లో చెప్తారు, అది తుప్పు లేని కారుకి.

నా శనివారంలో రెండు గంటలు రెండు చిన్న స్క్రూలే మింగేశాయి. ఈ కారుకి రోటర్‌ని హబ్ మీద, అంటే చక్రం బిగించే మధ్య భాగం మీద, పట్టి ఉంచడానికి చదునుగా కూర్చునే స్క్రూలు రెండుంటాయి. చూస్తే మామూలు స్టార్ స్క్రూలలాగే ఉంటాయి గానీ వాటి గాడి జపాన్ కొలతది, జేఐఎస్ అనే ఆ కొలతలో 3 నంబరు బిట్ కావాలి. ఇంట్లో ఉన్న స్టార్ స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పాను, గాడి అంచులు గుండ్రంగా అరిగిపోయి మెరుస్తున్న చిన్న గిన్నెలా తయారైంది. అప్పుడు వెళ్లి సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ ఇరవై డాలర్లకి తెచ్చాను. ఎడమ చక్రం స్క్రూలు నాలుగు దెబ్బలకే టక్కుమని వదిలాయి. కుడివైపు నేను పాడుచేసిన స్క్రూని డ్రిల్లుతో తల తీసేయాల్సి వచ్చింది. ఆ స్క్రూ లేకపోయినా ప్రమాదమేమీ లేదు, చక్రం నట్లు బిగిస్తే రోటర్ ఎటూ కదలదు. మూడున్నరేళ్లుగా కుడివైపు ఒక్క స్క్రూతోనే తిరుగుతోంది.

స్క్రూలు ఊడినా రోటర్ రాదు, తుప్పుతో హబ్‌కి అతుక్కుపోయి ఉంటుంది. రోటర్ ముఖం మీద మరలున్న ఖాళీ రంధ్రాలు రెండు కనిపిస్తాయి, అవి ఊరికే పెట్టినవి కావు. 8 మిల్లీమీటర్ల బోల్టులు రెండు అందులో పెట్టి కాస్త ఇటు, కాస్త అటు బిగిస్తూ పోతే రోటర్ తనంతట తనే ముందుకి వస్తుంది. నాకు ఈ సంగతి తెలిసేసరికి సుత్తితో ఒక అరగంట బాదేశాను, పక్కింటాయన కుక్క కూడా మొరిగి మొరిగి అలసిపోయింది.

చాలామంది తప్పు చేసే చోటు పిస్టన్, అంటే క్యాలిపర్ లోపల ఉండి ప్యాడ్‌ని నెట్టే ముక్క. ఇండియాలో చిన్న కార్లకి చాలావాటికి వెనక డ్రమ్ములే, డిస్కులున్న కార్లలో కూడా హ్యాండ్ బ్రేకు ఎక్కడ కలుస్తుందన్నది కారుని బట్టి మారుతుంది. మా కారులో హ్యాండ్ బ్రేకు కేబుల్ నేరుగా వెనక క్యాలిపర్‌కే వస్తుంది, పిస్టన్ లోపల మర ఉంటుంది. ముందు చక్రాలకి చేసినట్టు క్లాంపుతో నొక్కితే అది కదలదు, మొండికేసి నొక్కితే లోపలి మర చెడి క్యాలిపరే కొనుక్కోవాలి. నొక్కుతూ గడియారం ముల్లు వైపుకి తిప్పాలి. అందుకు ప్రత్యేకమైన పనిముట్టు ఉంది, ఇక్కడి ఆటో పార్ట్స్ దుకాణాల్లో డిపాజిట్ కట్టించుకుని అరువిస్తారు, తిరిగిస్తే డబ్బు వెనక్కి ఇచ్చేస్తారు. తిప్పేముందు బ్రేకు ఆయిల్ డబ్బా మూత తీసి ఒక కన్ను దాని మీద వేసి ఉంచండి, ఆయిల్ పైకి లేస్తుంది, పొంగి పెయింటు మీద పడితే రంగు తినేస్తుంది. చివర్లో పిస్టన్ ముఖం మీదున్న గాడి ప్యాడ్ వెనకున్న బుడిపెకి సరిగ్గా ఎదురు రావాలి. అది కాస్త పక్కకుంటే ప్యాడ్ వంకరగా కూర్చుంటుంది, ఏటవాలుగా అరుగుతుంది. ఇంకోటి, విప్పిన క్యాలిపర్‌ని బ్రేకు గొట్టానికి వేలాడదీయకండి, బట్టల హ్యాంగర్ తీగతో స్ప్రింగుకి కట్టేస్తే చాలు. కొత్త కార్లలో హ్యాండ్ బ్రేకు బటన్‌తో ఉంటే, అంటే కరెంటుతో పనిచేసేదైతే, ముందు దాన్ని సర్వీస్ మోడ్‌లో, అంటే రిపేరుకి వీలుగా వదిలి ఉండే స్థితిలో పెట్టాలి. అదింకో తంతు, ఈ పద్ధతి దానికి పనికిరాదు.

అంతా బిగించి, చక్రం నట్లు బిగువు కొలిచే టార్క్ రెంచితో 80 ఫుట్ పౌండ్లకి బిగించి, ఇంజను వేసి పెడల్ తొక్కితే నేల దాకా వెళ్లిపోయింది. గుండె జారింది. టెన్షన్ పడాల్సిందేమీ లేదు, లోపలికి నెట్టిన పిస్టన్ మళ్లీ బయటకి రావడానికి పది పన్నెండు తొక్కులు పడుతుంది. కానీ ఆ తొక్కులేవో గ్యారేజీలో ఉండగానే తొక్కాలి, రోడ్డు మీదికెళ్లాక కాదు.

మొదటి ఏడాది ఏ లోపమూ లేదు. నేను వేసినవి తక్కువ ధర సెమీ మెటాలిక్, అంటే లోహం కలిపిన రకం ప్యాడ్లు. చలి పొద్దున్నపూట మొదటి రెండు మూడు సార్లు గరగరమనేవి, చక్రం నిండా నల్లటి పొడి. అంతకు మించి ఇబ్బందేమీ లేదు.

2023 ఏప్రిల్‌లో ఒకరోజు హైవే దిగి ఇంటికొచ్చాక కుడి వెనక చక్రం దగ్గర కాలిన వాసన. చెయ్యి దగ్గరికి తీసుకెళ్తే సెగ తగిలింది, ఎడమవైపు గోరువెచ్చగా ఉంది. విప్పి చూస్తే లోపలి ప్యాడ్ 3 మిల్లీమీటర్లే మిగిలింది, బయటిది 7. క్యాలిపర్ పక్కకి జరగకపోతే పిస్టన్ వైపు ప్యాడ్ ఒక్కటే పని చేస్తుంది, అందుకే ఈ తేడా. క్యాలిపర్ జారేది రెండు పిన్నుల మీద, వాటిలో కిందిది ఎంత లాగినా రాలేదు. పట్టకారుతో మెలిపెడుతూ లాగితే చివరికి చప్పుడు చేస్తూ వచ్చింది, దాని చివరనున్న రబ్బరు తొడుగు నానిన సెనగగింజలా ఉబ్బిపోయి ఉంది.

తప్పు నాదే. మొదటిసారి ఈ పిన్నులకి ఇంట్లో ఉన్న మామూలు బేరింగు గ్రీజు పూశాను, గ్రీజు గ్రీజే కదా అని. పెట్రోలియం గ్రీజు తగిలితే ఆ రకం రబ్బరు ఉబ్బుతుంది, ఉబ్బిన రబ్బరు పిన్నుని పట్టేస్తుంది. బ్రేకులకి సిలికాన్ గ్రీజు వేరే దొరుకుతుంది, చిన్న ట్యూబు పదేళ్లు వస్తుంది. ఎడమవైపు కూడా అదే గ్రీజు పూశాను గానీ అది ఇంకా పట్టేసేదాకా రాలేదు. నాలుగు పిన్నులూ, తొడుగులూ కొత్తవి వేశాను, ప్యాడ్లు కూడా రెండువైపులా మార్చాను, ఒక వైపే మార్చడం మంచిది కాదు. ఇంకో 70 డాలర్లు. షాపు ఖర్చుతో పోలిస్తే ఇప్పటికీ మిగులే గానీ, మొదటిసారే మూడు డాలర్ల ట్యూబు కొనుంటే ఈ 70 ఉండేది కాదు.

ఆ రెండోసారే అసలు పని ఏమిటో నాకు అర్థమైంది. సామాను మార్చడం అరగంట, మిగతాదంతా ఇనుప బ్రష్షు పనే. ప్యాడ్ రెండు చివరలా ఉండే చెవులు కూర్చునే చోట స్టీలు క్లిప్పులుంటాయి, వాటి కింద తుప్పు పొరలు పొరలుగా పెరిగి క్లిప్పుని పైకి నెడుతుంది, ప్యాడ్ బిగుసుకుపోతుంది. మొదటిసారి నేను పాత క్లిప్పులు పీకి, తుప్పు మీదే కొత్తవి కొట్టేశాను. రెండోసారి క్లిప్పు తీసి లోపల మెరిసే ఇనుము కనపడేదాకా గీకాను, కొత్త క్లిప్పులో ప్యాడ్ చేతి వేళ్లతో జరిగితేనే పక్కకి లేచాను. హబ్ ముఖం మీద తుప్పు కూడా అంతే. అక్కడ ఒక చిన్న పెచ్చు మిగిలినా రోటర్ వంకరగా కూర్చుని, కొన్ని వేల మైళ్ల తర్వాత బ్రేకు తొక్కినప్పుడు పెడల్ అదురుతుంది. రోటర్ వంగిపోయిందంటారు గానీ చాలాసార్లు వంగేదేమీ ఉండదు.

రోటర్లు మాత్రం నాకు బాగా నచ్చాయి. పూత వేసినవి కొన్నాను, ఒక్కోదానికి పన్నెండు డాలర్లు ఎక్కువ. ప్యాడ్ రాసుకునే చోట పూత మొదటి రోజే పోతుంది, అది మామూలే. కానీ మధ్యలోని టోపీ భాగం, అంచు ఇప్పటికీ బూడిదరంగులోనే ఉన్నాయి, పాత రోటర్లయితే ఆ చోట్ల ఎర్రమట్టి దిబ్బల్లా ఉండేవి. ఈ మార్చిలో కొలిస్తే మందం 8.6 మిల్లీమీటర్లు ఉంది. కొత్తప్పుడు 9, కనిష్ఠం 8 అని రోటర్ మీదే కొట్టి ఉంటుంది. ఇంకొక జత ప్యాడ్ల దాకా వస్తాయి.

2023లో వేసిన సెరామిక్ ప్యాడ్లు 24 వేల మైళ్లకి ఎడమవైపు 6, కుడివైపు లోపల 5.5, బయట 6 మిల్లీమీటర్లు ఉన్నాయి. పొడి తక్కువ, శబ్దం లేదు. గడ్డకట్టే చలిలో మొదటి బ్రేకు కాస్త మెత్తగా అనిపిస్తుంది, పాత సెమీ మెటాలిక్ అప్పుడే గట్టిగా పట్టేది. మా ఆవిడకి ఆ తేడా తెలియలేదు, కాబట్టి అది నా భ్రమ కూడా కావచ్చు.

ఏటా అక్టోబరులో, మంచు టైర్లు వేసేటప్పుడు, ఎలాగూ చక్రాలు ఊడతాయి కాబట్టి పిన్నులు తీసి తుడిచి సిలికాన్ గ్రీజు పూస్తున్నాను, చక్రానికి ఇరవై నిమిషాలు. అపార్టుమెంట్లో ఉండేవాళ్లకి ఈ పని కుదరదు, చాలా చోట్ల పార్కింగులో రిపేర్లు చేయనివ్వరు. తుప్పు లేని ఊళ్లో ఉండి, ఒక శనివారం ఖాళీ ఉంటే మాత్రం ధైర్యంగా దిగొచ్చు.

మొన్న మార్చిలో కొలతలు తీసేటప్పుడు ఎడమవైపు కింది పిన్ను కొంచెం బరువుగా కదిలింది. అక్టోబరు దాకా ఆగకుండా వచ్చే శనివారమే విప్పుతాను.