ఈ-కోర్ట్స్ సేవలు: ఒడిశా సరిహద్దు తెలుగువాళ్ల చేతికి ఎంతవరకు అందాయి?

కోర్టు కేసుల వివరాలు ఫోన్‌లో చూపే ఈ-కోర్ట్స్ యాప్‌కు వాయిదా తెలుసుకునే విషయంలో పూర్తి మార్కులు వేయొచ్చు. పేరు పెట్టి కేసు వెతకడానికి సగం మార్కులు ఎక్కువే. ఇక పాత తెలుగు దస్తావేజులతో ఈ-ఫైలింగ్ (కోర్టులో ఆన్‌లైన్‌లో దాఖలు చేయడం) అంటే సాఫ్ట్‌వేర్ కన్నా స్కానర్ దగ్గర కూర్చునే మనిషి పనితనమే ముఖ్యం. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం కోర్టుల్లో కేసులున్నవాళ్లు ఈ మూడింటినీ విడివిడిగా చూడాలి.

ముందు యాప్ సంగతి. దీనికి ప్రాణం సీఎన్ఆర్ నంబరు, అంటే ప్రతి కేసుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య. మొత్తం 16 అక్షరాలు, అంకెలు: మొదటి రెండు రాష్ట్రానివి (ఒడిశాకు ఓ, డి), తర్వాతి రెండు జిల్లావి, ఆపై రెండంకెలు కోర్టువి, ఆరంకెలు వరుస సంఖ్య, చివరి నాలుగూ సంవత్సరం. ఈ నంబరు కొడితే గత వాయిదాలు, రాబోయే వాయిదా, కేసు ఏ దశలో ఉందో, అప్‌లోడైన ఆర్డర్లు అన్నీ ఒక్కచోట కనిపిస్తాయి. డేటా అందని ఊళ్లలో మెసేజ్ చాలు: ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఈకోర్ట్స్ అని రాసి, ఖాళీ వదిలి, సీఎన్ఆర్ కొట్టి 9766899899కు పంపితే జవాబు వస్తుంది. ప్లీడరుగారి ఆఫీసులో ఫైలు అట్ట మీద ఈ నంబరు రాయించుకోవడం కక్షిదారు చేయాల్సిన మొదటి పని.

ఇందులో లోపాలు రెండు. వాయిదా వేసిన వెంటనే తేదీ మారదు, కోర్టు గుమాస్తా కంప్యూటర్లో ఎక్కించాకే మారుతుంది. సాయంత్రం దాకా పాత తేదీయే కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. మర్నాడు కూడా అదే ఉంటే ప్లీడరుకు ఫోన్ చేయాలి. రెండోది, 'మై కేసెస్'లో దాచుకున్న జాబితా ఫోన్‌లోనే ఉంటుంది. ఫోన్ మార్చేముందు ఎక్స్‌పోర్ట్ చేసి, కొత్తదాంట్లో ఇంపోర్ట్ చేసుకోకపోతే జాబితా పోయినట్టే. జాబితా తెరిచినప్పుడల్లా రిఫ్రెష్ నొక్కడం కూడా మరవకూడదు.

సీఎన్ఆర్ లేకపోతేనే అసలు తంటా. యాప్‌లో రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం వరుసగా ఎంచుకోవాలి. జిల్లాల జాబితాలో బరంపురం కోసం వెతికితే దొరకదు, గంజాం నొక్కాలి. జయపురం కోర్టు కోరాపుట్ కింద ఉంటుంది. పైగా 1992లో గంజాం నుంచి గజపతి, కోరాపుట్ నుంచి రాయగడ, మల్కనగిరి, నవరంగపూర్ విడిపోయాయి. అందుకని అంతకు ముందు నాటి వ్యాజ్యం కొత్త జిల్లాలో దొరక్కపోతే పాత జిల్లాలోనూ చూడాలి.

పేరుతో వెతికేటప్పుడు కనీసం మూడక్షరాలు, సంవత్సరం ఇచ్చి, పెండింగా ముగిసిందా అన్నది ఎంచుకోవాలి. ఇక్కడే మన పేర్లు దెబ్బతింటాయి. ఒడియా ఉచ్చారణలో 'వ' తరచూ 'బ' అవుతుంది కనుక శ్రీనివాస్ కాస్తా శ్రీనిబాస్, వాసుదేవ్ బాసుదేవ్, వెంకట్ బెంకట్ అయి నమోదవుతారు. మన ఇంటిపేరు ముందుంటే, ఒడియా అలవాటులో అది చివరికి పోతుంది. అప్పలస్వామిలో ఎన్ని 'పి'లు అన్నది ఎంటర్ చేసినవాళ్ల దయ. ఒక స్పెల్లింగుతో ఫలితం రాలేదంటే కేసు లేదని కాదు. 'బి'తో ఒకసారి, 'వి'తో ఒకసారి, ఇంటిపేరు తీసేసి ఒకసారి చూడాలి. అప్పటికీ రాకపోతే ఎదుటి పార్టీ పేరు, ప్లీడరు పేరు, క్రిమినల్ కేసైతే ఎఫ్ఐఆర్ నంబరు నమ్మకమైన దారులు. దావా వేసే రోజునే ఆధార్‌లో ఉన్న స్పెల్లింగు కాగితం మీద రాసిస్తే ఈ బాధే ఉండదు. తర్వాత సవరించాలంటే కోర్టులో పిటిషను పెట్టుకోవాల్సి రావచ్చు.

ఈ-ఫైలింగ్‌లో మెట్లు కష్టమైనవి కావు: రిజిస్ట్రేషన్, కోర్టు ఎంపిక, పార్టీల వివరాలు, పీడీఎఫ్‌ల అప్‌లోడ్, ఈ-సంతకం, ఫీజు, ఆపై స్క్రూటినీ (కోర్టు ఆఫీసు పరిశీలన). ఆధార్ ఈ-సంతకానికి ఓటీపీ రావాలి, కాబట్టి ఆధార్‌కు ఏ ఫోన్ నంబరు కట్టి ఉందో ముందే చూసుకోవాలి. ఫీజు ఖాతాలోంచి కట్ అయ్యి పోర్టల్లో కనపడకపోతే వెంటనే రెండోసారి కట్టొద్దు, లావాదేవీ నంబరుతో స్థితి చూడాలి. లిమిటేషన్ (దావా వేయడానికి చట్టం ఇచ్చిన గడువు) ఆఖరి రోజు దాకా ఆగడం మాత్రం సర్వర్‌తో జూదం.

చిక్కంతా కాగితాలది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతంలో చాలా భాగం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కనుక పాత భూమి పత్రాలు తెలుగులో ఉన్న కుటుంబాలు ఎన్నో. ఆ గొలుసుకట్టు రాతను ఓసీఆర్ (స్కాన్‌లోని అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్) చదవలేదు. అలాంటి పత్రాన్ని వేరే పీడీఎఫ్‌గా పెట్టి, పక్కనే టైపు చేసిన అనువాదం జోడించి, రెండింటికీ బుక్‌మార్కులు ఇవ్వాలి. పాత స్టాంపు కాగితం ఏ4 కన్నా పొడవు. ఏ4 అమరికలో స్కాన్ చేస్తే కింది వరసలు తెగిపోతాయి, తరచూ తెగేది హద్దులు రాసిన షెడ్యూలే. కాబట్టి లీగల్ సైజులో తీసి, తర్వాత ఏ4లోకి కుదించాలి. స్కాన్ స్పష్టత 300 డీపీఐ చాలు. అన్ని పేజీలూ కలర్‌లో తీస్తే పేజీకి ఒక ఎంబీ దాటి ఫైలు పరిమితి మించిపోవచ్చు. అచ్చంగా నలుపు-తెలుపులో తీస్తే ఊదారంగు సబ్‌రిజిస్ట్రార్ ముద్ర మాయమవుతుంది. ముద్రలు, వేలిముద్రలున్న పేజీలు కలర్‌లో, మిగతావి గ్రేస్కేల్‌లో తీయడం మేలు. ఒరిజినల్ పారేయకండి, కోర్టు ఎప్పుడు అడిగినా చూపించాలి.

ఫోన్ ఫొటోలు, వాట్సాప్ చాట్లు సాక్ష్యంగా పెట్టేవాళ్లకు ఇంకో మాట. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. అందులో రెండు భాగాలు: ఒకటి పరికరం ఎవరి చేతిలో ఉందో వారు, రెండోది నిపుణుడు నింపాలి. హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే సంకేత సంఖ్య) కూడా రాయాలి. ఫోన్ అమ్మేశాక ఆ విలువ ఎక్కడినుంచి తెస్తారు?

యాప్‌లో దింపుకున్న ఆర్డరు చదువుకోవడానికే. అప్పీలుకు, మ్యుటేషన్‌కు (భూమి రికార్డుల్లో పేరు మార్పుకు) సర్టిఫైడ్ నకలు తీసుకోవాల్సిందే. ఇంట్లో ఇవన్నీ చేయలేనివాళ్లకు కోర్టు ఆవరణల్లోని ఈ-సేవా కేంద్రం ఉంది: కేసు స్థితి, ఈ-ఫైలింగ్, నకలు దరఖాస్తు, జైల్లో ఉన్నవారితో ఈ-ములాకాత్ బుకింగ్ అక్కడ చేయించుకోవచ్చు. మల్కనగిరి నుంచి హైకోర్టున్న కటక్ 600 కిలోమీటర్ల పైనే. జిల్లాల నుంచే హైకోర్టులో వాదించే వర్చువల్ గదులు 2023లో మొదలవడం ఈ మొత్తం వ్యవస్థలో మన వైపువాళ్లకు దక్కిన అసలు లాభం.

సరిహద్దు దాటిన లారీలు, కార్ల ట్రాఫిక్ చలాన్లు వర్చువల్ కోర్టు సైట్లో ఉంటాయి. రాష్ట్రం దగ్గర ఒడిశా ఎంచుకుని బండి నంబరు కొట్టాలి, ఆంధ్ర ఎంచుకుంటే ఖాళీ చూపిస్తుంది. జరిమానా కట్టొచ్చు, కాదనుకుంటే కంటెస్ట్ నొక్కొచ్చు. అయితే కంటెస్ట్ నొక్కితే కేసు మామూలు కోర్టుకు వెళ్తుంది. చిన్న చలానుకు అంత దూరం తిరగడం గిట్టుబాటు అవుతుందో లేదో నొక్కేముందే లెక్క వేసుకోండి.