రోథెన్‌బుర్గ్‌లో ఒక రాత్రి ఉండండి, యాకోబు చర్చిలో మేడ మీదకి తప్పకుండా ఎక్కండి

మేం ఉండేది జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో. గుంటూరు నుంచి అమ్మ వచ్చినప్పుడు, చుట్టూ కోటగోడ ఉన్న పాత ఊరు రోథెన్‌బుర్గ్ తీసుకెళ్ళా. ఇద్దరికీ కలిపి ఒక్క బయెర్న్ టికెట్ (బవేరియా రాష్ట్రమంతా తిరిగే ఒకరోజు ట్రైన్ టికెట్) సరిపోయింది, కాకపోతే వీక్‌డేస్‌లో పొద్దున 9 తర్వాతే చెల్లుతుంది. చివర్లో స్టైనాఖ్‌లో చిన్న ట్రైన్ మారాలి.

రూమ్ కోటగోడ లోపలే తీసుకున్నాం. పాత ఇల్లు, శుభ్రంగా ఉంది, కానీ లిఫ్ట్ లేదు, మూడో అంతస్తు ఇచ్చారు, ముందే మెయిల్ పెట్టి అమ్మకి మోకాళ్ళ నొప్పి అని చెప్పినా పట్టించుకోలేదు, అది బాధేసింది. వీధులన్నీ రాళ్ళు పరిచినవి, చక్రాల సూట్‌కేస్ లాగడం నరకం, బ్యాక్‌ప్యాక్ తెచ్చుకోండి.

అసలు వెళ్ళింది సెయింట్ యాకోబు చర్చి కోసం. 1311లో మొదలుపెడితే పూర్తయ్యేసరికి 1484 అయిందంట. కింద మెయిన్ ఆల్టర్ (పూజాపీఠం) చూసి చాలామంది వెళ్ళిపోతున్నారు, అలా చేయకండి, పడమటి వైపు మెట్లెక్కితే రీమెన్‌ష్నైడర్ అనే శిల్పి 1500 ప్రాంతంలో లిండెన్ చెక్కతో చెక్కిన పవిత్ర రక్తపు ఆల్టర్ ఉంటుంది. రంగులు లేవు, ఉత్త చెక్కే. ప్రభు రాత్రి భోజనం సీన్‌లో మధ్యలో నిలబడింది యేసు కాదు, ఆయన్ని పట్టించిన శిష్యుడు యూదా! యేసు అతనికి రొట్టె ముక్క అందిస్తుంటే ఇంకో శిష్యుడు యోహాను యేసు మీద వాలిపోయి ఉంటాడు. వెనక చిన్న కిటికీల్లోంచి వెలుగు వస్తుంటే ఆ బట్టల మడతలు, చేతుల నరాలు అన్నీ కనపడతాయి. చిన్నప్పటి నుంచి బైబిల్ చదివే మా అమ్మ అక్కడే బెంచీ మీద అరగంట కూర్చుండిపోయింది, "అంత తెలిసీ పెట్టాడు చూడు రొట్టె" అంది మెల్లగా.

ష్నేబాల్ అని మైదా పట్టీలు ఉండలా చుట్టి నూనెలో వేయించి పంచదార పొడి చల్లి అమ్ముతారు, మన గవ్వల రుచే కానీ పొడిపొడిగా ఉంటుంది, ఇద్దరికి ఒకటి చాలు. వీధి రెండుగా చీలే ప్లోన్‌లైన్ అనే చోట ఫోటోలకి ఒకటే జనం, అమ్మకి బుర్గ్‌గార్టెన్ అనే పార్కు నుంచి కనపడే టౌబర్ నది లోయే బాగా నచ్చింది.

సాయంత్రానికి టూరిస్ట్ బస్సులన్నీ వెళ్ళిపోయాక ఊరు మనదైపోతుంది. రాత్రి 8కి మార్కెట్ దగ్గర పాతకాలపు నైట్ వాచ్‌మన్ వేషంలో ఒక గైడ్ లాంతరు పట్టుకుని ఇంగ్లీషులో ఊరంతా తిప్పుతాడు, డబ్బులకి న్యాయం జరిగింది. పొద్దున్నే కోటగోడ మీద నడిచాం. 1945 మార్చి 31 బాంబులకి దెబ్బతిన్న గోడని మళ్ళీ కట్టడానికి డబ్బిచ్చిన వాళ్ళ పేర్లు రాళ్ళ మీద ఉన్నాయి, జపాన్ వాళ్ళవి కూడా. అమ్మ కూడబలుక్కుంటూ ఒక్కో పేరూ చదివింది, ట్రైన్ మిస్సయినా నేను తొందరపెట్టలేదు.