స్ప్రింక్లర్ హెడ్లు మార్పిస్తున్నారా? పాతవే కడిగి బిగిస్తున్నారు, జాగ్రత్త

ఆఫీసు, షాపింగ్ కాంప్లెక్స్, గోదాం... ఏ బిల్డింగు బాధ్యత మీ మీదున్నా సరే, మంట లేస్తే సీలింగు నుంచి నీళ్లు చల్లే స్ప్రింక్లర్ హెడ్లు మార్చామని ఎవరైనా బిల్లు పెడితే నిచ్చెనెక్కి చూడకుండా సంతకం పెట్టకండి. కింద నిలబడి చూస్తే ఏమీ తెలియదు.

మేం చూసుకునే బిల్డింగులో సీలింగుకు రంగులేసినప్పుడు పెయింటర్లు హెడ్ల మీద కూడా కొట్టేశారు. తనిఖీకి వచ్చినవాళ్లు వాటన్నిటినీ మార్చమని రాశారు. న్యాయమైన మాటే. రంగు పడ్డ హెడ్‌ను తుడిచి వాడుకోవడానికి లేదు, మార్చాల్సిందేనని అమెరికా అగ్నిమాపక భద్రతా సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ వారి 25వ నంబరు ప్రమాణం చెబుతుంది. పని ఒక కాంట్రాక్టరుకిచ్చాం. రాత్రిపూట వచ్చి చేసుకుపోయారు. తెల్లారి చూస్తే అన్నీ తళతళలాడుతున్నాయి.

కొన్నాళ్లకు లైటు మార్చడానికి పైకెక్కిన ఎలక్ట్రీషియన్ మమ్మల్ని పిలిచి చూపించాడు. నీళ్లను చుట్టూ చిమ్మే పళ్ల బిళ్ల, అదే డిఫ్లెక్టర్, దాని సందుల్లో తెల్లరంగు. ఫ్రేమ్ మీద రెంచి జారిన గీతలు. పైపులో బిగించే మరచుట్ల మీద నల్లబడిన పాత టేపు, దాని మీదే కొత్త టేపు చుట్ట. తయారైన సంవత్సరం చూస్తే బిల్డింగు కట్టిన నాటిది. అంటే ఉన్నవాటినే విప్పి, థిన్నరుతో కడిగి, మళ్లీ బిగించి, కొత్తవాటికి బిల్లు వేశారు.

అంతకన్నా మమ్మల్ని భయపెట్టింది వేరే ఉంది. హెడ్ మధ్యలో నీటి మూతను ఆపి ఉంచే చిన్న గాజు బల్బు ఉంటుంది. మనుషులు కూర్చుని పనిచేసే హాల్లో ఎర్ర బల్బుల మధ్య అక్కడక్కడా నీలం బల్బులు కనిపించాయి. ఎర్రది 68 డిగ్రీల సెల్సియస్ దగ్గర పగులుతుంది. నీలానిది 141 డిగ్రీల రేటింగు, మామూలుగానే బాగా వేడిగా ఉండే చోట్లకు ఉద్దేశించింది. హాల్లో మంట లేస్తే అది పగిలేలోగా ఎంత అంటుకుంటుందో ఆలోచించండి. ఒక హెడ్ బల్బులోనైతే అసలు ద్రవమే లేదు. మంచి బల్బులో రంగు ద్రవం, అందులో చిన్న గాలి బుడగ కనపడాలి. వేడికి ద్రవం వ్యాకోచించి గాజును పగలగొడితేనే మూత ఊడి నీళ్లొస్తాయి. రెంచి దెబ్బకు పడ్డ వెంట్రుకంత చీలికలోంచి కూడా ద్రవం కారిపోతుంది. అలా ఖాళీ అయిన బల్బును నమ్ముకోలేం. సినిమాల్లో చూపించినట్టు అన్ని హెడ్లూ ఒకేసారి నీళ్లు చల్లవు. మామూలు వ్యవస్థలో ఏ హెడ్‌కు వేడి తగిలితే అదొక్కటే తెరుచుకుంటుంది. కాబట్టి మంట మీదున్న ఆ ఒక్కటీ తప్పకుండా పనిచేయాలి.

మీరు పని ఇచ్చేటప్పుడు కొత్త హెడ్ల పెట్టెలు మీ ఎదుటే తెరిపించండి. డిఫ్లెక్టర్ మీద ఎస్‌ఐఎన్ అనే గుర్తింపు నంబరు, ఫ్రేమ్ మీదో డిఫ్లెక్టర్ మీదో తయారీ సంవత్సరం, ఉష్ణోగ్రత ఉంటాయి. వాటిని రాసుకోండి. 2001లో అమెరికాలో సెంట్రల్ కంపెనీ ఓ-రింగు (రబ్బరు సీలు) ఉన్న హెడ్లను దాదాపు 3.5 కోట్లు వెనక్కి పిలిచారు, మంట వచ్చినా తెరుచుకోకపోవచ్చని. మీ పైకప్పులో ఉన్నది అలాంటిదో కాదో ఆ గుర్తుల్ని బట్టే తెలుస్తుంది. హెడ్ ఎన్ని నీళ్లు వదులుతుందో చెప్పే కే-ఫ్యాక్టర్ అనే అంకె కూడా పాతదానితో సరిపోవాలి. కే-80 హెడ్ 1 బార్ పీడనం దగ్గర నిమిషానికి 80 లీటర్లు చల్లుతుంది, పైపుల లెక్కంతా దాని మీదే కట్టి ఉంటుంది.

విప్పిన పాత హెడ్లన్నీ లెక్కపెట్టి మీ దగ్గరే ఉంచుకోండి. మోసానికి ఇదే అసలైన మందు. స్పేర్ పెట్టె కూడా తెరిచి చూడండి: 300 లోపు హెడ్లుంటే 6, 1000 వరకు 12, ఆ పైన 24 ఉండాలి, రెంచితో సహా. మాది ఖాళీ చేసి పెట్టారు.

'వయసైపోయింది, అన్నీ మార్చేయాలి' అని ఇంకో రకం బేరం కూడా వస్తుంది. మామూలు హెడ్లకు 50 ఏళ్లు నిండితే నమూనాగా కొన్నిటిని, నాలుగుకు తగ్గకుండా నూటికి ఒకటి చొప్పున, ల్యాబ్ పరీక్షకు పంపితే చాలు. తుప్పు, లీకు, రంగు ఉన్నవి మాత్రం వయసుతో పనిలేకుండా మార్చాలి.

బిల్లు ఆపేసి, వేరేవాళ్లతో మళ్లీ మార్పించాం. పనికోసం వాల్వు మూస్తారు కదా, ఒక రోజులో 10 గంటలకు మించి మూసి ఉంచాల్సొస్తే కాపలా మనిషిని పెట్టాలి లేదా ఆ భాగం ఖాళీ చేయించాలి. పని ముగిశాక వాళ్లు వెళ్లేలోగా మెయిన్ డ్రెయిన్ (వ్యవస్థలోని నీళ్లను బయటికి వదిలే పెద్ద కుళాయి) తెరిపించి, నీళ్లు పారుతుండగా గేజీలో పీడనం రీడింగు వెనకటి పరీక్షలో వచ్చినంత ఉందో లేదో దగ్గరుండి చూడండి. వాల్వు సగమే తెరిచి పోతే అక్కడే బయటపడుతుంది.