కాజీపేట నుంచి వరంగల్ దాకా: పట్టాలకంటే ముందు దారి కావాలి

కాజీపేట–వరంగల్ రోడ్డు మీద తేలిక రైలు వేయాలా అన్నది ఇక్కడి ప్రశ్న. ముందు ఆ దారి ఇప్పుడెలా ఉందో చూద్దాం. వరంగల్‌కు రైలు టికెట్ తీసేముందు స్టేషన్ పేరు రెండుసార్లు చూసుకోండి. సికింద్రాబాద్ నుంచి బల్లార్షా వైపు పోయే బండ్లు కాజీపేట జంక్షన్ నుంచే ఉత్తరానికి తిరుగుతాయి, వరంగల్ స్టేషన్‌కు రావు. చెన్నై–ఢిల్లీ బండ్లు చాలావరకు వరంగల్‌లో ఆగి, జంక్షన్‌లోకి రాకుండా పక్క లైన్లో వెళ్లిపోతాయి. ఒకచోట దిగి రెండోచోట ఎక్కాలంటే ఊరంతా దాటాలి. ఆ మార్పిడికి కనీసం గంటన్నర ఉంచుకోండి.

రోడ్డున ఆ దారి ఫాతిమానగర్ వంతెన, ఎన్ఐటీ, సుబేదారి, హన్మకొండ చౌరస్తా, ములుగు రోడ్డు, ఎంజీఎం ఆసుపత్రి మీదుగా సాగుతుంది. బస దిగడానికి మేలైన చోటు హన్మకొండే. నక్కలగుట్టలో పర్యాటక శాఖ హరిత కాకతీయ ఉంది. వేయిస్తంభాల గుడి, భద్రకాళి ఆలయం దగ్గర, రామప్పకు పోవాలంటే ములుగు బస్సులు హన్మకొండ బస్టాండ్‌లోనే దొరుకుతాయి. స్టేషన్ ముందరి లాడ్జీలు తెల్లవారుజాము బండి ఉన్నవాళ్లకే పనికొస్తాయి. ఖిలాకు (వరంగల్ కోటకు) ఆటో అయితే రానూపోనూ కిరాయి, ఆగే సమయం ముందే మాట్లాడుకోవాలి.

ఈ దారి మీదే మెట్రో నియో ప్రతిపాదన వచ్చింది. నియో అంటే పట్టాలు కాదు, పైన కరెంటు తీగ, కింద రబ్బరు టైర్లు. పట్టాలే వేయాలంటే, వాటి మీద నడిచే తేలిక రైలు మెట్రోలైట్. దానికి కేంద్రం 2019లో ప్రమాణాలు ఇచ్చింది, నియోకు 2020లో. మెట్రోలైట్‌కు మూడు పెట్టెలు, సుమారు 300 మంది. మూడు నిమిషాలకొకటి నడిపితే గంటకు ఒక దిక్కున 6,000 మంది. అరవై మంది పట్టే బస్సు నిమిషానికొకటి నడిచినా 3,600 మంది పోతారు. అంటే రద్దీ గంటలో ఒక దిక్కున పోయేవాళ్లు ఈ 3,600 దాటే దాకా పట్టాలు వేయడం తొందరపాటే. దాటుతుందా లేదా అన్నది చౌరస్తాలో నిలబడి వారం రోజులు లెక్కపెడితేనే తేలుతుంది.

టికెట్ రాబడి ఇంకో చిక్కు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. పక్కనే ఉచిత బస్సు ఉండగా వాళ్లు డబ్బులిచ్చి రైలెక్కుతారని అప్పు తీసుకోకూడదు. ముప్పై ఏళ్ల నష్టం ఎవరు భరిస్తారో ముందే రాసుకోవాలి. 2017లో మొదలైన హైదరాబాద్ మెట్రోను ఎక్కువగా ప్రైవేటు పెట్టుబడితో కట్టారు, 2025 వచ్చేసరికి దాన్ని రాష్ట్రమే తీసుకోవడానికి ఒప్పుకుంది. అంతకంటే చిన్న ఊరు మనది.

నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. 2023 జూలైలో హన్మకొండ కాలనీలు మునిగాయి, భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. రోడ్డులో పొదిగిన పట్టాకు చక్రపు అంచు దిగే గాడి ఉంటుంది. వరద దిగాక అందులో ఇసుక, బురద గట్టిపడితే అంచు పైకెక్కి బండి పట్టా తప్పే ప్రమాదం. గాడి కడిగి, బండిని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మళ్లించే పాయింట్లు తిప్పి చూసేదాకా లైను మూతే. బస్సయితే ఇంకో వీధిన తిప్పుకోవచ్చు. నాలా వెడల్పు చేయకుండా పట్టాలు వేస్తే ఆ ఖర్చు ప్రతి వానాకాలం తిరిగొస్తుంది.

మా అభిప్రాయంలో ఇప్పుడు కొనాల్సింది రైళ్లు కాదు, వెడల్పు. రెండు వరుసలకు ఏడు మీటర్లు, ఎక్కి దిగే అరుగుకు మూడు. సుమారు పది మీటర్లు రోడ్డు మధ్యన గుర్తుపెట్టి, అంచురాళ్లు పాతి, ఎలక్ట్రిక్ బస్సులు తిప్పాలి. కింద కేబుల్ గొట్టాలు, మురుగు పైపులు ఇప్పుడే పక్కకు జరపాలి, ఎందుకంటే తర్వాత పట్టాల కింద తవ్వడం కుదరదు. ఫాతిమానగర్ దగ్గర రైల్వే లైను దాటే వంతెనకు రెండో వరుస, తేలిక రైలు ఎక్కగల వాలు రెండూ నకశాలో ఉండాలి. ఎంజీఎం ముందర అరుగుకూ ఆసుపత్రి గేటుకూ మధ్య స్ట్రెచర్ సాఫీగా పోయే దారి ఉండాలి. ఈ పనులకు ఏ రైలూ అక్కర్లేదు, రేపే మొదలుపెట్టొచ్చు.